పావుగంట ముందు నడిచిన గడియారం

మా తోడికోడలి గురించి నాలుగు పేజీలు రాసివ్వమని పెద్ద డాక్టరుగారు నన్నే అడిగారు. ఆసుపత్రి ముప్ఫై ఏళ్ళ సంచికలో వేస్తారట. "ఇంట్లో మనిషి కదా సిస్టర్, మీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. నిజమే, తెలుసు. ఒకే ఇంట్లో కింది వాటా మాది, పై వాటా వాళ్ళది. ఆవిడ మెట్లు దిగే చప్పుడు వింటే చాలు, ఆ రోజు కొత్త చెప్పులు వేసుకుందో పాతవి వేసుకుందో చెప్పేస్తాను. అయితే ఒక మాట ముందే చెబుతున్నాను. ఉత్త పొగడ్తలే కావాలంటే ఇంకొకరిని చూసుకోవాల్సింది. మూడేళ్ళపాటు ఆ మనిషిని చూసి కుళ్ళి చచ్చినదాన్ని నేను. రాయమన్నాక అదీ రాస్తాను, చదివేవాళ్ళు ఏమైనా అనుకోనీ.

మాది కంటి ఆసుపత్రి. కళ్ళు కుట్టడం మా వృత్తి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెంట్రుక కంటే సన్నని దారంతో కుడుతూనే ఉంటాం, దానికి ముందు మత్తుమందు ఇస్తాం. తోడికోడల్ని చూసి నాకు కళ్ళు కుట్టినప్పుడు మాత్రం మత్తుమందు ఎవరూ ఇవ్వలేదు. ఇరవై నాలుగేళ్ళుగా నేను థియేటర్ సిస్టర్ని. డాక్టరు చెయ్యి చాపితే ఏం కావాలో నోరు తెరిచి అడగక్కర్లేదు, ఆ వేళ్ళు ఎలా విప్పారో చూసి కత్తెరో పట్టకారో పెట్టేస్తాను. ఆవిడేమో రికార్డు రూములో పాత ఫైళ్ళ మధ్య కూర్చునే మనిషి. ఆ ఉద్యోగం వేయించింది కూడా నేనే.

తొమ్మిదేళ్ళ కిందటి సంగతి అది. వాళ్ళ పాప బడికి వెళ్ళిపోయాక పగలంతా ఇంట్లో ఏం తోచట్లేదని ఆవిడ మా అత్తగారితో అందట. అత్తగారు నాతో, "నీ ఆసుపత్రిలో దానికేదైనా చూడు పెద్దా, పుణ్యముంటుంది" అన్నారు. నేను ఆఫీసులో నాలుగు మాటలు చెప్పాను. రికార్డు రూమంటే కిటికీ కూడా సరిగా తెరుచుకోని గది, దుమ్ము పడక ఎవరూ అక్కడ నిలవలేదు. నెల తిరగకుండా తుమ్ముకుంటూ ఇంటికి పోతుందనుకున్నాను. పోలేదు. మొదటి నెల గదంతా కడిగింది, రెండో నెల ఫైళ్ళన్నీ సంవత్సరాల వారీగా పేర్చింది, మూడో నెలకి ఏ ఫైలు అడిగినా నీళ్ళు తాగి వచ్చేలోపు తీసి బల్ల మీద పెట్టేది. మనిషి పొట్టి, మాట మెత్తన, నేల తడిగా ఉందన్నట్టు నడుస్తుంది. ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చి ఉంటుంది. ఆ పెన్సిల్ని చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

మండటం ఎక్కడ మొదలైందో చెప్పాలంటే రాయి కన్ను గురించి చెప్పాలి. ఆ పేరు మేం పెట్టుకున్నదే. ముఖానికి గట్టి దెబ్బ తగిలితే ఒక్కోసారి కన్ను వెనక నెత్తురు చేరుతుంది. వెనకంతా ఎముక గూడు, నెత్తురు పోవడానికి దారి ఉండదు. అందుకని కనుగుడ్డును ముందుకు తోస్తుంది. ముందు రెప్పలు బిగించి పట్టుకుని ఉంటాయి. మధ్యలో చూపు నరం నలిగిపోతుంది. రెప్ప మీద వేలు పెడితే గులకరాయిని నొక్కినట్టుంటుంది. చుక్కల మందు వేసి రేపు చూద్దామనుకుంటే ఇక ఆ కన్ను సంగతి మరిచిపోవచ్చు. చేయాల్సింది ఒక్కటే. రెప్పలు కలిసే బయటి మూలలో చిన్న కత్తెరతో కోసి, కింది రెప్పని ఎముకకి కట్టి ఉంచే పట్టీని తెంచేయాలి. రెప్ప వదులవుతుంది, కన్నుకి కాస్త చోటు దొరుకుతుంది, నరం ఊపిరి పీల్చుకుంటుంది. మొత్తం రెండు కత్తిరింపులు, రెండు నిమిషాలు. ఏడాదికి మూడో నాలుగో వస్తాయి మాకు. ఒక్కటి కూడా చూడకుండానే రిటైరైపోయే కంటి డాక్టర్లు ఎంతోమంది.

పెద్ద డాక్టరుగారికి ఇలాంటి అరుదైన ప్రమాదాల మీద పిచ్చి. మూడేళ్ళ కిందట పదకొండేళ్ళ రాయి కన్ను కేసులన్నీ ముందేసుకుని కూర్చున్నారు. ఒకే కత్తెర, ఒకే కోత, ఒకే చెయ్యి. మరి కొందరికి చూపెందుకు దక్కింది, కొందరికి ఎందుకు పోయింది? అంతా టైములోనే ఉందని ఆయనకి అనుమానం. కోత ఎప్పుడు పడిందో థియేటర్ రిజిస్టర్లో ఉంది, రాసింది నేనే. దెబ్బ ఎప్పుడు తగిలిందో మాత్రం ఏ ఫైల్లోనూ లేదు. ఉన్నచోట "పొద్దున" అనో "భోజనాలయ్యాక" అనో రాసుంది. ఆ మాటలతో నిమిషాలు ఎలా తేలతాయి? ఆయన ఆ ఫైళ్ళు పట్టుకుని రికార్డు రూముకి వెళ్ళారు.

అక్కడ మొదలైంది మా తోడికోడలి వైభోగం. నలభై రెండు కేసుల్లో ముప్ఫై ఏడుగురిని పట్టుకుంది. ఫోన్లు చేసింది, కొందరి ఇళ్ళకి వెళ్ళింది. "దెబ్బ తగిలినప్పుడు గంటెంతయ్యింది?" ఇదే ప్రశ్న. ఎవరికి తెలుస్తుంది? కన్ను పట్టుకుని కూలబడినవాడు గడియారం చూస్తాడా? తెలియదంటే ఆవిడ వదిలేదు కాదు. "పోనీ, అప్పుడు పొయ్యి మీద ఏముందమ్మా? పక్కింట్లో ఎవరైనా లేచారా? బస్సు వెళ్ళిపోయిందా, రావాలా?" ఇలా మెల్లగా తిప్పి తిప్పి అడిగేది. ఒకామె బట్టలు మిషన్లో వేసి మేడ మీదకి వెళ్తూ గడప దగ్గర పడిందట, టాక్సీ ఎక్కుతుంటే మిషన్ కూత వినబడిందట. ఈవిడ ఆ మిషన్ ఏ రకమో కనుక్కుని, అలాంటిది ఉన్నవాళ్ళింటికెళ్ళి, ఎదురుగా కూర్చుని అది తిరిగినంతసేపూ చూసి వచ్చింది. నలభై ఎనిమిది నిమిషాలు, టాక్సీ రసీదు మీదున్న టైములోంచి అవి తీసేసింది. బంతి తగిలిన బడిపిల్ల మూడో గంట కొట్టాక ఆటకి వెళ్ళామంటే, ఆ బడికి వెళ్ళి గంట కొట్టే మనిషినే అడిగి వచ్చింది. ఆసుపత్రిలో అందరూ ఆవిడ్ని గంటమ్మ అనడం మొదలుపెట్టారు. ముందు ఎగతాళిగానే అన్నారు, ఆరు నెలలకి అది బిరుదైపోయింది.

పెద్ద డాక్టరుగారు ఆవిడ్ని గదికి పిలిపించి కుర్చీ చూపించేవారు. "అమ్మా, మీరేమంటారు?" అని అడిగేవారు. ఇరవై నాలుగేళ్ళుగా ఆయన పక్కన నిలబడ్డాను, నాతో ఆయన మాట్లాడేవి మూడే మాటలు. కత్తెర, పట్టకారు, దూది. ఆ ముప్ఫై ఏడు కేసుల్లో ముప్ఫై ఒకటింటికి కత్తెర అందించిన చెయ్యి ఇది. నేనేమంటానో ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు.

ఇంట్లో అంతకంటే ఘోరం. "చిన్నదానికి డాక్టరుగారు కుర్చీ వేశారట" అని అత్తగారు వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పేవారు.

"కుర్చీ కూర్చోవడానికే అత్తయ్యా, మెడలో వేసుకుని ఊరేగడానికి కాదు" అన్నాను ఒకరోజు.

"నీ కడుపులో మంటకి మీ కంటి ఆసుపత్రిలో మందు దొరకదు, వేరే ఆసుపత్రికి వెళ్ళు" అని మా ఆయన నవ్వారు. ఆ పూట ఆయనకి టీ ఇవ్వలేదు.

ఇప్పుడు గడియారం సంగతి. నేను థియేటర్ ఇన్‌చార్జినయిన కొత్తలో డాక్టర్లు పెళ్ళివారిలా తీరిగ్గా వచ్చేవారు. మొదటి ఆపరేషన్ తొమ్మిదింటికి అంటే తొమ్మిదింపావుకి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టేవారు. అప్పటికే బల్ల మీద పేషెంటు వణుకుతూ పడుకుని ఉండేవాడు. ఎన్నిసార్లు చెప్పినా చెవిన పెట్టలేదు. ఒక ఆదివారం స్టూలు ఎక్కి గోడ గడియారాన్ని పావుగంట ముందుకు తిప్పాను. సోమవారం లోపలికి వచ్చినవాళ్ళు వచ్చినట్టే గడియారం చూసి నాలిక్కరుచుకుని పరుగులు పెట్టారు. వారానికల్లా అందరూ దారిలో పడ్డారు. థియేటర్లోకి చేతి గడియారాలు రావు, ఫోన్లు రావు, కాబట్టి పోల్చి చూసేవాళ్ళు లేరు. బ్యాటరీ నేనే మార్చేదాన్ని, మార్చినప్పుడల్లా మళ్ళీ పావుగంట ముందుకి పెట్టేదాన్ని. పద్దెనిమిదేళ్ళు. ఈ తెలివికి నన్ను నేనే ఎన్నిసార్లు మెచ్చుకున్నానో.

తోడికోడలు ఆ సంగతి పట్టేసింది. ఒక సాయంత్రం నేను పెరట్లో ఆరిన బట్టలు మడతపెడుతుంటే వచ్చి ఇంకో చివర పట్టుకుంది. ఆ రోజే స్టాఫ్ మీటింగులో పెద్ద డాక్టరుగారు ఆవిడ్ని లేచి నిలబడమని అందరిచేతా చప్పట్లు కొట్టించారు. నేనూ కొట్టాను, రెండు.

"అక్కా, మీ థియేటర్ గడియారం కరెక్టేనా?" అంది.

"ఏం, ఎందుకు?"

"ఏం లేదు. క్యాజువాలిటీ నుంచి పేషెంటుని పంపిన టైము చీటీలో ఉంటుంది కదా. అక్కణ్ణుంచి థియేటర్‌కి ఇరవై అడుగులు. కోతకి ఎంత లేటైనా పది నిమిషాలు. రిజిస్టర్లో చూస్తే ఎప్పుడూ పాతిక నిమిషాలు కనపడుతోంది. అన్ని కేసుల్లోనూ."

 చెప్పేస్తే అయిపోయేది. పావుగంట ముందుందమ్మాయ్, తీసేసుకో అంటే సరిపోయేది. చెవిలో ఇంకా చప్పట్లే మోగుతున్నాయి. ఇది కూడా పట్టేసిందంటే రేపు మీటింగులో ఇంకో దఫా చప్పట్లు, పెద్ద సిస్టరుకి గడియారం పెట్టడం కూడా రాదని పక్కన నవ్వులు. లెక్క తప్పితే తప్పనీ, ఒక్కసారైనా తప్పనీ అనిపించింది. ఇది దాచి రాయడంలో అర్థం లేదు. అచ్చంగా అలాగే అనిపించింది.

"థియేటర్లో గడియారం తప్పు నడిస్తే ఆపరేషన్లు నడుస్తాయా?" అన్నాను. "కరెక్టే."

"అయితే సరే అక్కా" అని దుప్పటి మడత నా చేతిలో పెట్టి పైకి వెళ్ళిపోయింది.

రెండు నెలలకి క్యాజువాలిటీ గోడ మీద పోస్టరు వేశారు. మధ్యలో పెద్ద అక్షరాలతో, "రాయి కన్ను: దెబ్బ తగిలిన రెండు గంటల్లోపు కోస్తే చూపు దక్కుతుంది." అట్టడుగున చిన్న అక్షరాల్లో "సమయాల సేకరణ" అని రాసి మా తోడికోడలి పేరు. నేను టీ తాగే బెంచీ సరిగ్గా దానికెదురుగానే. రోజూ ఆ పేరు చదువుకుంటూ వేడి టీ గొంతులో పోసుకునేదాన్ని.

ఒకరోజు పేరు కాకుండా పై అంకె చదివాను. రెండు గంటలు. దెబ్బ టైము తోడికోడలు తేల్చింది, అది నిజమైన టైము. కోత టైము నా గడియారానిది, అది పావుగంట ఎక్కువ. రెండు గంటలకి దక్కిన కన్ను నిజంగా దక్కింది గంటా ముప్పావుకి. అంటే ఆ పోస్టరు నమ్మి, ఇంకా పావుగంట ఉందిలే అని ఏ డాక్టరైనా ఆగితే, ఆ పావుగంటలో ఒక మనిషి కన్ను పోతుంది. టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. నేను ఆవిడ లెక్క చెడగొట్టాననుకున్నాను. చెడగొట్టబోతున్నది ముక్కూ మొహం తెలియని వాళ్ళ కళ్ళు.

పెద్ద డాక్టరుగారి గది దాకా రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి లోపల ఆయన ఆవిడతో ఏదో నవ్వుతూ మాట్లాడుతున్నారు. నా కాళ్ళు వాటంతటవే వెనక్కి తిరిగాయి. రెండోసారి గదిలో ఆయన ఒక్కరే ఉన్నారు. "ఏంటి సిస్టర్?" అన్నారు. "దూది అయిపోయింది, ఇండెంటు మీద సంతకం కావాలి" అన్నాను. దూది అయిపోలేదు. గడియారాన్ని నెమ్మదిగా సరిచేసేస్తే సరిపోతుందని కొన్నాళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రాబోయేవాటికి సరిపోతుంది, అయిపోయిన ముప్ఫై ఏడింటినీ ఎవరు సరిచేస్తారు? రాయి కన్ను ఏదీ రాకుండా ఉంటే చాలని రోజూ అనుకుంటూ మూడు వారాలు గడిపాను. ఆ మూడు వారాల్లో ఒక్కటీ రాలేదు. వచ్చుంటే ఈ పేజీలు రాసే మొహం నాకుండేది కాదు.

నాలుగో వారం మంగళవారం పొద్దున పదకొండున్నరకి క్యాజువాలిటీ నుంచి థియేటర్‌కి ఫోనొచ్చింది. రాయి కన్నేమో, చిన్న కత్తెర ట్రే పట్టుకు రమ్మన్నారు. పెద్ద డాక్టరుగారు థియేటర్లో వేరే పేషెంటు ఆపరేషన్ మధ్యలో ఉన్నారు, ఇంకో సిస్టరు ఆయన పక్కనుంది. ట్రే పట్టుకుని నేనే వెళ్ళాను. తెర తీసి చూస్తే మంచం మీద మా మరిది.

మరిది ఇళ్ళకి తలుపులు, కిటికీ చట్రాలు బిగిస్తాడు. పైకెత్తిన చట్రం జారి దాని మూల కుడికంటి పక్కన కొట్టిందట. దగ్గర్లోని క్లినిక్కులో కట్టు కట్టి మాత్ర ఇచ్చి కూర్చోబెట్టారు. నొప్పి ఎక్కువైపోతుంటే తోటి పనివాడు ఇక్కడికి తీసుకొచ్చాడు. తల దగ్గర తోడికోడలు నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు, గొంతు మాత్రం రికార్డు రూములో ఎలా ఉంటుందో అలాగే ఉంది. పనివాడిని అడుగుతోంది.

"దెబ్బ తగిలినప్పుడు గంటెంతయ్యింది?"

"తెలీదమ్మా. పనిలో ఉన్నాం కదా."

"రేడియో పెట్టుకుంటారుగా. ఏమొస్తోంది?"

"పది గంటల వార్తలు అయిపోయాయి. అప్పుడే పాట మొదలైంది."

"పదీ పది" అని ముడిలోంచి పెన్సిలు తీసి అరచేతి మీద రాసుకుంది. సొంత మొగుడు మంచం మీదుంటే చెయ్యి ఒణక్కుండా రాసుకుంది. అంత కంగారులోనూ నాకు ఈర్ష్య పుట్టింది, ఏం చెప్పను.

డ్యూటీలో ఉన్నది చిన్న డాక్టరు. వచ్చి రెండేళ్ళయింది, మంచివాడే, రాయి కన్ను ఎప్పుడూ కొయ్యలేదు. టార్చి వేసి చూసి కనుగుడ్డు పగల్లేదని తేల్చాడు. చెయ్యి ఊపితే నీడలా కనపడుతోందన్నాడు మరిది. చిన్న డాక్టరు పోస్టరు వైపు చూసి, గడియారం వైపు చూశాడు.

"పదకొండూ ముప్ఫై మూడు. పన్నెండూ పది దాకా టైముంది. స్కాన్ చేయించుకొస్తే అరగంట పడుతుంది. చూసి కోస్తే మంచిది" అన్నాడు.

నేను రెప్ప మీద వేలు పెట్టాను. ఎడమ కన్ను మెత్తగా ఉంది, కుడిది రాయి. "డాక్టర్, ఇప్పుడే కోసేద్దాం. ఇది ఆగేది కాదు" అన్నాను.

"సిస్టర్, లెక్క ప్రకారం టైముంది కదా" అన్నాడు. పాపం, చెమటలు పడుతున్నాయి. కొయ్యడానికి భయం, స్కాన్ అంటే ధైర్యం.

తోడికోడలు నా చెయ్యి పట్టుకుంది. "కంగారు పడకు అక్కా. ముప్ఫై ఏడు కేసులు చూశాం కదా, రెండు గంటలు ఉంటుంది. స్కాన్ చేయించనీ" అంది. నా వల్ల తప్పిన లెక్కని నమ్మి తన మొగుడి కన్ను దాని మీద పెడుతోంది.

అంతకుమించి దాచలేకపోయాను.

"ఆ లెక్క తప్పు" అన్నాను. "థియేటర్ గడియారం పావుగంట ముందు నడుస్తుంది. డాక్టర్లు త్వరగా రావాలని నేనే పెట్టాను, పద్దెనిమిదేళ్ళయింది. నువ్వడిగిన రోజు నీకు అబద్ధం చెప్పాను."

 తోడికోడలు నా మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను, కొట్టినా పడేదాన్ని. రెప్ప ఒకసారి వాల్చి ఎత్తింది. ఆ కాస్తలో లెక్క వేసుకుందని తర్వాత అర్థమైంది. నా చెయ్యి వదిలి చిన్న డాక్టరు వైపు తిరిగింది.

"అయితే పదకొండూ యాభై అయిదే డాక్టర్. స్కాన్‌కి టైము లేదు. కొయ్యండి."

మత్తు సూది పడింది. మూలలో క్లాంపు పెట్టి ఒక నిమిషం నొక్కి పట్టి తీశాడు, కత్తెర తీసుకున్నాడు. మొదటి కోత బాగానే పడింది. పట్టీ దగ్గర చెయ్యి ఆగిపోయింది, అది ఎక్కడుందో తెలియట్లేదు. ముప్ఫై ఒక్కసార్లు చూశాను కదా, నాకు తెలుసు. "కిందికి, ఎముక వైపు పోనివ్వండి. కత్తెర మొనతో మీటండి, బిగించిన తీగలా తగులుతుంది. అదే. తెంచండి" అన్నాను. మీటాడు. తగిలింది. తెంచాడు. రెప్ప ఒక్కసారిగా వదిలేసింది, నల్లటి నెత్తురు చెంప మీదకి జారింది.

"పదకొండూ నలభై ఒకటి" అంది తోడికోడలు. అదీ అరచేతి మీద రాసుకుంది. నేను మళ్ళీ రెప్ప మీద వేలు పెట్టాను.

"వదినా, నువ్వేనా అక్కడ? వేలు తియ్యి, బరువుగా ఉంది" అన్నాడు మరిది. వేలు కింద రాయి మెత్తబడుతోంది. పన్నెండు కాకముందే వేళ్ళు లెక్కపెట్టాడు, మూడని సరిగ్గా చెప్పాడు. అప్పుడు తోడికోడలు నేల మీద కూర్చుండిపోయింది.

తర్వాత జరిగినవన్నీ మీ అందరికీ తెలిసినవే. పెద్ద డాక్టరుగారి ముందు నిలబడి అన్నీ చెప్పాను.  నాకు మెమో వచ్చింది, రావాల్సిందే. పాత పోస్టరు చింపేసి కొత్తది వేశారు. అందులో గంటల అంకె కింద ఎక్కడో ఉంటుంది, పైన మాత్రం "వేలు పెట్టి చూడు, రాయిలా ఉంటే కొయ్యి, స్కాన్ కోసం ఆగకు" అని ఉంటుంది. చిన్న కత్తెర ట్రే ఇప్పుడు క్యాజువాలిటీలోనే ఉంటోంది. మరిది రెండు కళ్ళతోనూ తలుపులు బిగిస్తున్నాడు. థియేటర్ గడియారం సరిగ్గా నడుస్తోంది, డాక్టర్లు మళ్ళీ లేటుగా వస్తున్నారు.

ఆ మంగళవారం మధ్యాహ్నం సంగతి ఒక్కటి మిగిలింది. మరిదిని వార్డులో పడుకోబెట్టాక తోడికోడలు కనిపించలేదు. వెతుక్కుంటూ రికార్డు రూముకి వెళ్ళాను. నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది, చుట్టూ ముప్ఫై ఏడు ఫైళ్ళు, ఒళ్ళో ఆవిడ లెక్కల నోటు పుస్తకం. అంతా మొదటి నుంచీ మళ్ళీ దిద్దుతోంది. నన్ను చూసి కాస్త పక్కకి జరిగింది. పక్కన కూర్చున్నాను. నోటు పుస్తకం అందుకున్నాను.

ప్రతి వరుసలోనూ కోత టైము పక్కన పెన్సిలుతో ఏదో రాసి రబ్బరుతో చెరిపిన మచ్చ ఉంది. వెలుతురుకి పెట్టి చూశాను. పదిహేను, పక్కన ప్రశ్న గుర్తు. పదిహేను, ప్రశ్న గుర్తు. ముప్ఫై ఏడు చోట్లా అదే, ముప్ఫై ఏడూ చెరిపేసి ఉన్నాయి.

"నీకు తెలిసిపోయింది కదా. నిమిషంతో సహా పట్టుకున్నావు. మరి ఎందుకు చెరిపేశావు?" అన్నాను.

మొదటి పేజీ తిప్పి చూపించింది. పైన ఆ రోజు తేదీ, బట్టలు మడతపెట్టిన రోజుది. దాని కింద గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. థియేటర్ గడియారం కరెక్టే. అక్క చెప్పింది.

"నువ్వు కరెక్టే అన్నావుగా అక్కా. అందుకని నా లెక్కే ఎక్కడో తప్పిందనుకున్నాను" అంది.

ఆ వాక్యం మీద నా చేత్తోనే గీత కొట్టాను. ముడిలోంచి ఆ పెన్సిలు తీసి నాకిచ్చి, "ఒకటో నంబరు నుంచి పదిహేను తీసేస్తూ రా, నేను వెనక నుంచి వస్తాను" అంది. ఇద్దరం కూర్చుని తీసేశాం. మధ్యలో ఒకసారి ఆవిడ వైపు చూశాను, వంచిన తల, ముడి ఊడిపోయి మెడ మీద పడిన జుట్టు. నాకు మళ్ళీ కళ్ళు కుట్టాయి. ఇంకొకరి మాట మీద నా లెక్కని నేను చెరిపేసుకోవడం పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా నా వల్ల కాలేదు.